దణ్ణం పెట్టుకునే చేత్తోనే ఓటు: నమ్మకాన్నీ ఓటునీ ఎలా కలుపుకోవాలి

టీచర్‌గా పోలింగ్ డ్యూటీకి వెళ్లిన ప్రతిసారీ నేను చూసేది ఒకటుంది. పెద్దవాళ్లు చాలామంది బడి గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి వస్తారు. "పర్లేదండి, వేసుకునే రండి" అన్నా వినరు. వేలికి సిరా వేయించుకుని, మిషను దగ్గరికి వెళ్లే ముందు కొందరు చేతులు కళ్లకద్దుకుంటారు, కొందరు గుండె మీద చెయ్యి వేసుకుంటారు, ఒకాయనైతే పెదాలు కదుపుతూ ఏదో చదువుకుని మరీ వెళ్లారు. అది బడి గదే, నిన్నటిదాకా నాలుగో తరగతి పిల్లలు కూర్చున్న గది. కానీ ఆ రోజు వాళ్లకి అది దేవుడి గదిలాగే ఉంటుంది.

గుడి గుడే, ఓటు ఓటే, రెండూ కలపకూడదు అనేవాళ్లు ఉన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. పొద్దున్నే తులసికోటలో నీళ్లు పోసే మనిషి, ఆదివారం పిల్లలకి తలస్నానం చేయించి చర్చికి తీసుకెళ్లే మనిషి, ఐదు పూటలా నమాజు చేసే మనిషి ఆ ఒక్క రోజు తన లోపల ఉన్నదాన్ని ఇంట్లో వదిలేసి బూత్‌కి ఎలా వస్తారు? నాకు ఇన్నేళ్లలో తెలిసింది ఇంతే: ఎవరికి వేయాలో మన నమ్మకం చెప్పదు, వేసే ముందు ఏం అడగాలో చెబుతుంది. ఈ తేడా పట్టుకోకపోతే మన భక్తి ఎవరో ఒకరి చేతిలో సరుకైపోతుంది, అది నేను మా ఇంట్లోనే చూశాను కూడా. కాబట్టి ఏం చేయాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు ఒక కాగితం తీసుకోండి

ఎన్నికలు ఇంకా దూరంగా ఉన్నప్పుడే, మైకులు మొదలవకముందే, ఒక కాగితం తీసుకుని మీ నమ్మకం మిమ్మల్ని ఏం చేయమంటుందో రాయండి. దేవుడి గురించి కాదు, పక్క మనిషి విషయంలో ఏం చేయమంటుందో రాయాలి. శ్లోకాలూ వాక్యాలూ అక్కర్లేదు, మీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే, నాలుగు లైన్లు చాలు. మాది అంతర్వేది నరసింహస్వామిని కొలిచే ఇల్లు. మా కాగితంలో ఆకలి, నీళ్లు, ఆడపిల్ల భద్రత, అబద్ధం చెప్పకపోవడం అని నాలుగే ఉన్నాయి. మా పక్కింటి అక్క చర్చికి వెళ్తుంది, ఆమె రాసుకున్న దాంట్లో "దిక్కులేనివాళ్లు" అనేది మొట్టమొదటి లైను. మా కాగితంలో ఆ మాట లేనందుకు నాకు నిజంగా సిగ్గేసింది, తర్వాత చేర్చాను.

ఎలా రాయాలో తోచకపోతే లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారిని తలుచుకోండి. ఆవిడ నిష్ఠగల బ్రాహ్మణ ఇల్లాలు. ఏటికి వరదొచ్చినా, అర్ధరాత్రి ఎవరొచ్చి తలుపు కొట్టినా, కులం అడక్కుండా అన్నం పెట్టారు. ఆవిడ భక్తి ఏమిటో తెలుసుకోడానికి పూజగది చూడక్కర్లేదు, పొయ్యి చూస్తే చాలు. ఆవిడ పోయింది 1909లో, ఈనాటికీ బడిలో పిల్లలకి పెట్టే మధ్యాహ్న భోజనానికి ఆ పేరు పెట్టుకున్నాం. సరే, ఆ పేరున్న భోజనంలో పప్పు నీళ్లలా ఉంటే అడగాల్సింది ఎవరు? ఆవిడ ఫొటోకి దండ వేసే మనమే. కాగితంలో "ఆకలి" అని రాసుకున్నామంటే, వారంలో ఒకరోజు బడికెళ్లి పిల్లలతో కూర్చుని ఆ అన్నం తిని చూడటం అని అర్థం.

రాయడం అయ్యాక ఒక్కొక్క లైనూ మళ్లీ చదివి, "ఇది అందరికీనా, మనవాళ్లకేనా?" అని అడగండి. మనవాళ్లకే అని తేలితే దాన్ని కొట్టేయమనను గానీ విడిగా ఇంకో పక్కన రాయండి, ఎందుకంటే అది అభిమానం, నమ్మకం కాదు. మన గోదావరి డెల్టాలో ఈ రెండూ ఎంత కలిసిపోయాయంటే విడదీయడానికి చెయ్యి వణుకుతుంది. దేవుడు ఒక్కడే అంటాం, కానీ రామాలయం పేటకొకటి ఉంటుంది. చర్చిల్లోనూ అంతే, ఏ పేట వాళ్లు ఏ చర్చికి వెళ్తారో ఊళ్లో అందరికీ తెలుసు. మనం మతం అనుకుని వేసే ఓట్లలో చాలా వాటి కింద కులం ఉంటుంది. అది ఒప్పుకుంటేనే కాగితం పనికొస్తుంది.

అభ్యర్థి బొట్టు కాదు, అఫిడవిట్ చూడండి

ఎన్నికలప్పుడు పోటీ చేసే వాళ్లందరూ గుడికొస్తారు, చర్చికొస్తారు, శుక్రవారం మసీదు దగ్గర నిలబడతారు. రావడం తప్పేమీ కాదు, అది మన ఊరికి ఇచ్చే మర్యాద. కానీ దాన్ని కొలతగా పెట్టుకోకండి. ఎంత పెద్ద బొట్టు పెట్టారు, ఎంతసేపు మోకరించారు అనేది వాళ్లకీ దేవుడికీ మధ్య విషయం, మనకి అందులో కనపడేది ఏమీ ఉండదు.

మనకి కనపడేది అఫిడవిట్. ఎమ్మెల్యేకైనా ఎంపీకైనా నామినేషన్ వేసేటప్పుడు ఫారం 26 అని ఒకటి ప్రమాణం చేసి ఇవ్వాలి. తన మీదున్న క్రిమినల్ కేసులు, తనకీ భార్యకీ పిల్లలకీ ఉన్న ఆస్తులు, అప్పులు, ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలు, చదువు, అన్నీ అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో, యాప్‌లో ఎవరైనా చూడొచ్చు. రాకపోతే 1950కి ఫోన్ చేసి అడగండి. నేను ప్రింటు తీయించి మా వీధి అరుగు మీద చదివి వినిపిస్తాను. పెద్దవాళ్లు ఆస్తుల దగ్గర ఆగిపోతారు, నేను వాళ్లని కేసుల పేజీకి తీసుకొస్తాను. ఆడపిల్ల మీద దౌర్జన్యం కేసు ఉందా, భూమి కాజేసిన కేసు ఉందా, లేక ధర్నాలో కూర్చున్నందుకు పెట్టిన కేసా? మూడింటినీ ఒకే గాట కట్టకూడదు. కేసుంటే దోషి అని కాదు, కానీ అడిగే హక్కు మనకి ఉంది.

తర్వాత మీ కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో లైనుకీ ఒక్కో ప్రశ్న తయారు చేసుకోండి. ప్రశ్న చిన్నదిగా, తప్పించుకోడానికి వీల్లేకుండా ఉండాలి. "నీళ్ల సమస్య తీరుస్తారా" అంటే అందరూ తీరుస్తామనే అంటారు. "దాళ్వాకి (రబీ పంటకి) శివారు చేలకి నీళ్లు ఆఖరున, అదీ సగం వస్తున్నాయి, మీరు వస్తే వంతులు ఎలా పెట్టిస్తారు" అని అడగండి. జవాబు తెలియకపోతే వాళ్ల ముఖమే చెబుతుంది.

డబ్బులూ ప్రమాణాలూ

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, మన్నించాలి.

ఒకసారి ఎన్నికలకి రెండు రోజుల ముందు మా మేనత్త ఇంటికి కవరు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఎవరి మనుషులన్నది ఇక్కడ అనవసరం. కవరుతో పాటు పళ్లెంలో పసుపు, కుంకం, స్వామి ఫొటో తెచ్చారు. "మాటివ్వండమ్మగారూ, ఫొటో మీద చెయ్యి వెయ్యండి" అన్నారు. మొహమాటానికి చెయ్యి వేసేసింది. ఆ రాత్రి ఆవిడకి నిద్ర లేదు. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా మా ఇంటికొచ్చి, "నాకు వాళ్లకి వెయ్యాలని లేదురా, కానీ స్వామి మీద చెయ్యి వేశాను, ఇప్పుడు వెయ్యకపోతే నా మనవడికి ఏమవుతుందో" అని ఏడ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. స్వామి కొండంత అండ అని జీవితమంతా నమ్మిన మనిషిని, అదే స్వామి పేరు చెప్పి భయపెట్టారు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. చర్చికెళ్లే ఇళ్లల్లో ఇదే పని బైబిలు మీద చేయించుకుంటారు.

మీ ఇంట్లో ఇలా జరిగితే ఏం చేయాలి? ముందు ఆ మనిషి భయాన్ని తీసిపారేయకండి. "ఏం కాదులే పిచ్చిదానా" అంటే భయం పోదు, లోపలికి పోతుంది. ఆ నమ్మకంలోంచే జవాబు తీసి ఇవ్వాలి. నేను అత్తయ్యకి భారతంలో కౌశికుడి కథ చెప్పాను. కర్ణపర్వంలో వస్తుంది. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చేయమన్నవాణ్ని చంపుతానని అర్జునుడికి ఒక ప్రతిజ్ఞ ఉంటే, ధర్మరాజు కోపంలో ఆ మాటే అంటాడు, అర్జునుడు కత్తి దూస్తాడు. అప్పుడు కృష్ణుడు ఆపి ఈ కథ చెబుతాడు. కౌశికుడనే తపస్వి ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టాడు. దొంగలు తరుముతుంటే కొందరు జనం పరిగెత్తుకొచ్చి అడవిలో దాక్కున్నారు. ఎటు పోయారని దొంగలడిగితే ఈయన వ్రతం కాపాడుకోడానికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వాళ్లందర్నీ చంపేశారు, కౌశికుడు నరకానికి పోయాడు. మాట నిలబెట్టుకోవడం గొప్పదే, కానీ ఆ మాట వల్ల పక్కవాళ్లకి కీడు జరిగేలా ఉంటే దాన్ని పట్టుకుని వేలాడమని కృష్ణుడు చెప్పలేదు.

చర్చికెళ్లేవాళ్లయితే హేరోదు రాజు సంగతి గుర్తు చేయండి. ఏమడిగినా ఇస్తానని అందరి ముందూ ఒట్టు పెట్టుకుని, ఆ ఒట్టు కోసం బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించాడు. మాట నిలబెట్టుకున్నాడని అతన్ని ఏ చర్చిలోనైనా మెచ్చుకుంటారా? ముస్లింలకైతే దీనికి దారి ఖురాన్‌లోనే స్పష్టంగా ఉంది: పెట్టుకున్న ఒట్టు తప్పితే ప్రాయశ్చిత్తంగా పదిమంది పేదలకి అన్నం పెట్టాలి, లేదా బట్టలు ఇవ్వాలి, ఆ స్తోమత లేకపోతే మూడు రోజులు ఉపవాసం ఉండాలి. ఇవి మీ ఇంటి పెద్దలకి మీ నోటితో చెప్పండి. అవసరమైతే మీరు నమ్మే పూజారిగారినో పాస్టరుగారినో మౌల్వీగారినో అడిగి వాళ్ల నోటితో చెప్పించండి.

తర్వాత డబ్బు సంగతి. తీసుకోకపోవడం అన్నిటికన్నా మంచిది, "వద్దు బాబూ, మా ఇంట్లో మేం తీసుకోం" అని గుమ్మంలోనే నవ్వుతూ చెప్పేస్తే రెండోసారి రారు. ఓటు కోసం డబ్బు ఇచ్చినవాడిదే కాదు, తీసుకున్నవాడిదీ నేరమే, ఏడాది దాకా జైలు ఉంటుంది. మా అత్తయ్య ఆ నోట్లు హుండీలో వేసేస్తానంది. వద్దన్నాను. ఓటు కొనడానికి ఇచ్చిన డబ్బు స్వామికి ఎందుకు? ఆవిడ ఆ రోజే కవరు పట్టుకెళ్లి ఆ కుర్రాడి చేతిలో పెట్టి, "నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను బాబూ, ఏమీ అనుకోకు" అని చెప్పి వచ్చింది. ఎవరికి వేసిందో నేను అడగలేదు.

పంచుతున్నారని కళ్లారా చూస్తే ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికలప్పుడు ఎన్నికల సంఘం వాళ్ల సీ విజిల్‌లో ఫొటోనో వీడియోనో ఫోన్ నుంచే పెట్టొచ్చు, పేరు చెప్పకుండానే. వంద నిమిషాల్లో దాని మీద చర్య తీసుకోవాలన్నది లెక్క. ఊళ్లో మొహాలు చూసుకోవాలి కదా అని భయపడేవాళ్లకి ఇది మంచి దారి.

వేదిక మీద నుంచి ఓటు చెప్పినప్పుడు

పురాణం చెప్పే ఆయనో, ప్రసంగం చేసే ఆయనో "ఫలానా వాళ్లకి వెయ్యకపోతే దేవుడు క్షమించడు" అంటే ఏం చేయాలి? ఇది మర్యాదగా ఆపాల్సిన మాట. చట్టం కూడా మనవైపే ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అభ్యర్థిగానీ, అతని ఏజెంటుగానీ, అభ్యర్థి ఒప్పుకోలుతో మరెవరైనాగానీ దేవుడికి కోపం వస్తుందని ఓటరుని భయపెడితే అది అవినీతి కిందికి వస్తుంది, మతం పేరుతో ఓటు అడిగినా అంతే. 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం దీన్ని ఇంకా గట్టి చేసింది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని నలుగురు జడ్జీలు తేల్చారు, ముగ్గురు ఒప్పుకోలేదు. రుజువైతే ఎన్నిక పోతుంది, ఆరేళ్ల దాకా పోటీ చేసే అర్హత కూడా పోవచ్చు. ఇక గుడి, చర్చి, మసీదు ఆవరణని రాజకీయ పనులకి వాడనివ్వకూడదని 1988లో విడిగా ఒక చట్టమే చేశారు, ఐదేళ్ల దాకా శిక్ష ఉంది.

అయితే వెంటనే సెక్షన్లు చదవకండి, గురువుగారి మీద ఫిర్యాదుకి పరిగెత్తకండి. సభ అయ్యాక ఒక్కరే వెళ్లి, నమస్కారం పెట్టి, "గురువుగారూ, ధర్మం ఏమిటో మీ దగ్గర నేర్చుకుంటాం. ఏ గుర్తుకి వెయ్యాలో మాత్రం మమ్మల్నే ఆలోచించుకోనివ్వండి" అనండి. నేను అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత టీ ఇప్పించారు. ఆకలి గురించి, అవినీతి గురించి, తాగుడు గురించి పీఠం మీద నుంచి మాట్లాడనివ్వండి, ఇంకా గట్టిగా మాట్లాడమనండి. గుర్తు పేరు ఒక్కటే వద్దు.

మన పెద్దల మాట కాదంటే పాపం అనుకునేవాళ్లు రాజమండ్రిని గుర్తు చేసుకోవాలి. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు అక్కడ మొదటి వితంతు వివాహం చేయించారు. ఆయన దేవుణ్ని వదిలేసినాయన కాదు, శాస్త్రాల్లోంచే ఆధారాలు తీసి సభల్లో వాదించారు. పండితులు తిట్టారు, వెలి వేశారు, వంటమనిషి కూడా దొరకని రోజులు వచ్చాయి. పెద్దలు చెప్పిందానికీ తన దేవుడు చెప్పిందానికీ తేడా వచ్చినప్పుడు రెండోదాన్ని పట్టుకున్నారు. మనకి అంత కష్టం కూడా లేదు, ఓటు రహస్యం.

గుడి కట్టిస్తాం, ఏకగ్రీవం చెయ్యండి

ఇది పంచాయతీ ఎన్నికల మాట. సర్పంచి ఎన్నికకి పార్టీ గుర్తులుండవు, అందుకని ఊరి పెద్దలు కూర్చుని తేల్చేయడం తేలిక. "రామాలయానికి ఇన్ని లక్షలు ఇస్తాడట, పోటీ లేకుండా వదిలేద్దాం" అంటారు. కొన్ని ఊళ్లల్లో పాటే పెడతారు, ఎవరు ఎక్కువంటే వాళ్లది సర్పంచిగిరీ. గుడి కోసమే కదా అని భక్తులందరూ తలూపుతారు.

అక్కడ లేచి నిలబడడం కష్టమే, కానీ మీకు నమ్మకం ఉంటే లేవాల్సింది అక్కడే. వేలంలో పదవి అమ్మడం చట్టానికి విరుద్ధం, ఎన్నికల అధికారులు ఆ ఎన్నికని ఆపొచ్చు. కానీ చట్టం కంటే ముందు నేను అడిగేది వేరే. ఆ డబ్బు ఎక్కడి నుంచి తిరిగి వస్తుంది? అలా కొనుక్కున్నవాళ్లు ఐదేళ్లలో రాబట్టుకోవాలి. వీధి దీపాల్లోంచి, మంచినీళ్ల పైపుల్లోంచి, డ్రైనేజీలోంచి వస్తుంది. అంటే ఎస్సీ పేటకి రావాల్సిన సీసీ రోడ్డు మన రామాలయం గోపురంలో ఉంటుంది. ఆ గోపురానికి మొక్కగలమా?

మీటింగులో ఇలా చెప్పి చూడండి: "గుడికి చందా నేను ఇస్తాను, నాలుగు బస్తాల ధాన్యం నా పేరు మీద రాయండి. పదవి మాత్రం ఓట్లతోనే తేలాలి." చందా ముందు చెప్పడం ముఖ్యం. లేకపోతే గుడికి అడ్డుపడ్డాడు అంటారు. ఆడవాళ్లు కూడా ఆ మీటింగుకి వెళ్లండి. స్థానిక సంస్థల్లో సగం సీట్లు మీవి, కానీ ఈ పెద్దల మీటింగులు మాత్రం రావిచెట్టు కింద మగవాళ్లతోనే అయిపోతున్నాయి. నిజంగా అందరూ ఇష్టపడి, డబ్బు లేకుండా ఒక మంచి మనిషిని ఏకగ్రీవం చేసుకుంటే అది వేరే సంగతి, అలాంటి ఊళ్లూ ఉన్నాయి.

ఎన్నికలు లేని నాలుగున్నరేళ్లు

మన నమ్మకానికి అసలైన పని ఈ రోజుల్లోనే. గోదారిని తల్లి అంటాం. కార్తీకంలో దీపాలు వదులుతాం, పన్నెండేళ్లకోసారి పుష్కరాలు చేస్తాం. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజున, రాజమండ్రి పుష్కరఘాట్‌లో తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయారు. వాళ్లందరూ నమ్మకంతో వచ్చినవాళ్లే. వచ్చే పుష్కరాలు 2027లో. భక్తులుగా మనం అడగాల్సింది ఎంత పెద్ద హారతి ఇస్తారని కాదు, ఏ ఘాట్‌కి ఎంతమందిని ఎలా పంపుతారు, ముసలివాళ్లకి దారి ఎటు, ఊళ్ల మురుగు ఏ కాలువల్లోంచి నదిలో కలుస్తోంది, దాన్ని ఎప్పటికి ఆపుతారు అని.

కాటన్ దొరగారి సంగతి తీసుకోండి. ఆయన నిష్ఠగల క్రైస్తవుడు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. కరువులో జనం చచ్చిపోతుంటే ఊరుకోలేక, రైలు పట్టాల కంటే కాలువలు ముఖ్యమని సొంత ప్రభుత్వంతోనే ఏళ్ల తరబడి వాదించాడు. ఆయన ఏ చర్చికి వెళ్లేవాడో మన రైతులు అడగలేదు, ఊరూరా విగ్రహం పెట్టుకుని దండ వేస్తున్నారు, సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునే బ్రాహ్మణ కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆయన భక్తి నీళ్లలా అందరి చేలోకీ వచ్చింది. అదే కాలువల్లో ఇప్పుడు చెత్త వేస్తున్నాం, రొయ్యల చెరువుల నీళ్లు వదులుతున్నాం. మురుగు కాలువ పూడిక తియ్యక, వానొస్తే సార్వా (ఖరీఫ్) చేలు మునిగిపోతున్నాయి.

దీనికి చోటు గ్రామసభ. ఊళ్లో ఓటరు లిస్టులో ఉన్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే, ఎవరూ పిలవక్కర్లేదు. వెళ్లి మీ ప్రశ్న రాతపూర్వకంగా ఇవ్వండి, మినిట్స్ పుస్తకంలో రాయించండి, రాసింది చదివించుకోండి, తర్వాతే సంతకం పెట్టండి. గుడి తరఫున ఇద్దరు, చర్చి తరఫున ఇద్దరు, మసీదు తరఫున ఇద్దరు కలిసి వెళ్లి ఒకే కాగితం ఇస్తే ఏ సర్పంచీ పక్కన పడెయ్యలేరు. మేం మంచినీళ్ల చెరువు గట్టు గురించి అలాగే ఇచ్చాం. పని మొదలవడానికి ఎనిమిది నెలలు పట్టింది, కానీ అయింది.

పక్కింటివాళ్ల నమ్మకం

మన దగ్గర కలిసి బతకడం కొత్త కాదు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి గుడికి దగ్గర్లోనే దర్గా ఉంది, హిందువులూ వెళ్లి మొక్కుతారు. నర్సాపురానికి 1830ల్లోనే మిషనరీలు వచ్చారు, అంటే ఇక్కడి క్రైస్తవం ఆనకట్ట కంటే పాతది. కనుమ రోజున కోనసీమలో జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల నుంచి దేవుళ్ల ప్రభలు వస్తాయి, పచ్చటి చేలల్లోంచి, కౌశిక కాలువ దాటుకుని భుజాల మీద మోస్తారు. ప్రభ తొక్కిన చేను బాగా పండుతుందని ఆ రైతు సంతోషపడతాడు.

కానీ ఒక్క రాత్రిలో ఇదంతా పాడవగలదని కూడా చూశాం. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయినప్పుడు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. తెల్లారేసరికి ఫోన్లలో ఎవరు తగలబెట్టారో "తేల్చేసిన" మెసేజులు వచ్చేశాయి, ఏ విచారణా మొదలవకముందే. కొత్త రథం 2021 ఫిబ్రవరికల్లా వచ్చింది, ఆ మెసేజులు తెచ్చిన అనుమానాలు మాత్రం అంత తొందరగా పోలేదు. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద జరిగిన గొడవలో ఇళ్లు కాలాయి, అది మతం గొడవ కూడా కాదు, కానీ మంట పెట్టిన పద్ధతి అదే. కేసుల్లో ఇరుక్కున్నవాళ్లలో కుర్రాళ్లు కూడా ఉన్నారు. అందుకని మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం: మతం గురించి కోపం తెప్పించే మెసేజు ఏదొచ్చినా ఒక రాత్రి దాటేదాకా ఎవరికీ పంపకూడదు. పొద్దున్న లేచాక పంపాలనిపించింది ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఇంకో విషయం, నొప్పి కలిగించేదే అయినా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవంలోకి మారినవాళ్లకి లేదు, మన రాష్ట్రంలో వాళ్లు బీసీ సీ కిందికి వస్తారు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎస్సీ రిజర్వుడు స్థానాలు కాబట్టి ఎన్నికలొస్తే ఎవరు ఎక్కడ ప్రార్థన చేస్తారనేది ఊరి మాటైపోతుంది. అభ్యర్థి అర్హత తేల్చడానికి అధికారులున్నారు, కోర్టులున్నాయి. ఆదివారం చర్చి గుమ్మం దగ్గర పక్కింటి పిల్లాణ్ని లెక్క పెట్టే పని మనది కాదు. ఆ ఉత్తర్వు ఉండాలా మారాలా అన్నది మాత్రం మనం ఆలోచించాల్సిన ప్రశ్నే, ఓటు అడగడానికొచ్చినవాళ్లని ఎటువైపని అడగండి.

మైకుల సంగతి ఒక్క ముక్క: ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఎవరి మైకైనా నిబంధనలకి విరుద్ధమే. ముందు మన గుడి మైకు మనం కట్టేసి, తర్వాత పక్కవాళ్లని అడుగుదాం.

ఇంట్లో ఒకరిదొకరికి కుదరకపోతే

ఒకే దేవుడికి మొక్కే ఇంట్లో మొగుడూ పెళ్లాలు వేర్వేరుగా ఓటేస్తారు, అందులో ఏ దోషమూ లేదు. నా కాగితంలో నీళ్లు పైన ఉండొచ్చు, మా ఆవిడ కాగితంలో ఆడపిల్లల హాస్టలు పైన ఉండొచ్చు. అత్తగారు కోడల్ని, తండ్రి కొడుకుని "ఎవరికి వేశావో చెప్పు" అని ఒట్టు పెట్టించకూడదు. బటన్ నొక్కాక వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనపడుతుంది, దాన్ని చూసేది మీరొక్కరే, బయటికొచ్చి ఎవరికీ చెప్పక్కర్లేదు. కొత్తగా ఓటొచ్చిన పిల్లలకి ఇది ముందే చెప్పండి. లోపలికి ఫోన్ తీసుకెళ్లకూడదని కూడా చెప్పండి, ఫొటో తీసుకొస్తేనే డబ్బులిస్తామనే వాళ్లు ఉన్నారు.

లెక్కింపు అయిపోయాక ఆ కాగితాన్ని పారేయకండి. మా ఇంట్లో అది పంచాంగంలో ఉంటుంది, పక్కింటి అక్క తన బైబిల్లో పెట్టుకుంది. ఉగాదికి కొత్త పంచాంగం తెచ్చినప్పుడు పాతదాంట్లోంచి తీసి, గెలిచినవాళ్లు దేనికి ఒప్పుకున్నారో, ఏది అయిందో పక్కన టిక్ పెడతాం. ఈ ఏడు మాది ఒక్క టిక్కు, చెరువు గట్టు. మురుగు కాలువ పూడిక ఇంకా అలాగే ఉంది, వచ్చే గ్రామసభకి ఆ లైను ఎర్ర ఇంకుతో రాసి పెట్టాను.